పిడికిలి మందు

చీటీలో రాసిన పాళ్లకు మందు కలిపి ఇచ్చే దుకాణం. బల్లకు అవతల మందు కలిపే అమ్మాయి. ఇవతల రిటైరైన బస్సు డ్రైవరు, ఆయన భార్య.

“నారింజ రుచి అన్నావు. నారింజ ఎక్కడమ్మా ఇందులో? గోడకేసే రంగులా ఉంది.”

“గోడ రంగు ఎప్పుడు తాగారు బాబాయిగారూ?”

“ఆయన మాటలకేంగానీ అమ్మాయ్, అసలు సంగతి నేను చెప్తా. మందు పనిచెయ్యట్లేదు.”

“పనిచేస్తోంది!”

“మీరుండండి. పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచీ, మూడేళ్లుగా ఈ కుడి పిడికిలి బిగుసుకుపోయే ఉంది కదా. గోళ్లు తియ్యాలన్నా యుద్ధమే.”

“తెలుసు పిన్నిగారూ. మాత్ర గొంతు దిగదనేగా, కండరాలు వదులయ్యే ఈ మందుని సిరప్‌లా కలిపిస్తున్నది.”

“నిన్న పొద్దున తెరుచుకుంది.”

“తెరుచుకుందా! ఐదు వేళ్లూనా?”

“ఐదూను. అరచెయ్యి తెల్లగా, చంటిపిల్లాడి చెయ్యిలా ఉంది. నేనైతే మర్చేపోయా అది ఎలా ఉంటుందో.”

“మరి పనిచెయ్యట్లేదంటారేంటి?”

“విను. వేళ్ల మధ్య తడిగుడ్డతో తుడుద్దామని చెయ్యి పెట్టా. టక్కున మూసుకుపోయింది. నా చెయ్యి లోపలే!”

“అయ్యో! ఎంతసేపు?”

“గంట. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన చెయ్యి, ఊరికే వదుల్తుందా? పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. కొరియరు అతను బెల్లు కొట్టి కొట్టి వెళ్లిపోయాడు. ఈయనేమో తనకేం సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.”

“నేనేం చెయ్యను? చెయ్యి నా మాట వింటుందా?”

“నొప్పేసిందా బాబాయిగారూ?”

“నొప్పా... అబ్బే. అంత లేదు.”

“వణికిందా? కాలు కూడా బిగుసుకుందా?”

“లేదమ్మా, ఏం లేదు. వదిలెయ్. ఆ సీసా ఇచ్చెయ్, పోతాం.”

“వదిలేస్తే ఎలా? గంటసేపు పట్టేసిందంటే డోసు చాలట్లేదేమో. డాక్టరుగారికి ఫోన్ చేసి పెంచమంటారేమో కనుక్కుంటా.”

“పెంచొద్దు! పోయిన నెల పెంచితే ఏమైంది? కుర్చీలోంచి తోటకూర కాడలా జారిపోయాను.”

“జారితే నేను లేపుకుంటాలే. రోజూ నా చెయ్యి ఇందులో ఇరుక్కుంటే ఇంటిపని ఎవరు చేస్తారు? చెయ్యమ్మా, ఫోన్ చెయ్యి.”

“చెయ్యకు.”

“చెయ్యి!”

“చేసేశా. రింగవుతోంది. ఎందుకొద్దో చెప్పండి బాబాయిగారూ, పెట్టేస్తా.”

“మీ పిన్ని ముందా?”

“నా ముందు చెప్పలేనిదేంటట?”

“ఏం లేదు...”

“ఏం లేకపోతే పెంచుతారంతే.”

“ఫోన్ పెట్టెయ్యమ్మా. వేళ్లు విప్పింది మందే. మళ్లీ మూసింది నేను.”