బావమరిది పట్టిన మోకు

మండ్లి ఈదన్న ఆ పూట నోరు తెరవడానికే భయపడ్డాడంట. నల్లమలలో ఒక చెంచుపెంటకు పెద్దమనిషి అతను. పెంటంటే వాళ్ళ ఊరనుకో, పది పన్నెండు గుడిసెలు. ఆ పెద్దమనిషికి బంట్రోతులుండరు, బలముండదు, మాటొకటే. ఆ మాట ఒకపక్కకు ఒరిగిందా, జనం తగాదాక్కూడా రారు, బిడ్డల్ని చంకనేసుకుని ఇంకో పెంటకు పోతారు, అంతే. ఏమైందంటే, మొగుడు చచ్చిన మనిషి ఒకామె, పేరు... ఉండు, నోటిమీదే ఉంది... ముత్తమ్మ. ఆమె వంశపోళ్ళ కొండచరియ మీద తేనెపట్టును ఎవరో మొదలంటా కోసుకుపోయినారు. ఒకరి చరియ మీద ఇంకొకరు కోయకూడదు. అందులోనూ ఈగపిల్లలుండే పిల్లలగూడు వదలకుండా కోస్తే ఈగలు మళ్ళీ ఆ చోటికి రావంట. కోసిందెవరయ్యా అంటే ఈదన్న బావమరిది నాగడే. ఆకలేసింది, కోశా అని తనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు చిక్కెక్కడంటే, చెంచులు తేనెకు చరియ దిగేటప్పుడు పైన మోకు పట్టేది పెళ్ళాం తోడబుట్టినోడే. సొంత తమ్ముడైతే వదిన మీద కన్నేసి వదిలేస్తాడేమో, బావమరిదైతే అక్క ముండమోయాలని కోరుకోడు కదా, అదీ వాళ్ళ ఆలోచన. తెల్లారితే ఈదన్న దిగాల, నాగడు పట్టాల. జనమంతా ఈదన్న మొహంలోకే చూస్తన్నారంట. పెళ్ళాం బయ్యమ్మ వెనకనుంచి గొణుగుతానే ఉంది, మావోడు చిన్నోడు, మెత్తగా చెప్పు, రేపు దిగేది నువ్వే అని. ఈదన్న గడ్డం గోక్కుని, రేపు కోసే తేనెలో నాగడికి చుక్క కూడా లేదు, వాడి వాటా ముత్తమ్మది అనేశాడంట. నాగడు తుపుక్కున ఊసి లేచిపోయినాడు.

పొద్దున్నే వస్తాడో రాడో అనుకుంటే వచ్చినాడు. మోకు చెట్టుకు చుట్టి కొస పట్టుకున్నాడు. ఈదన్న ఈగల్ని తోలే పొగకట్ట పట్టుకుని దిగినాడు. కింద లోయలో మానులన్నీ గడ్డిపోచల్లాగుండాయంట. పిల్లలగూడు వదిలి, తేనె కోసి, బుట్ట నింపుకుని, లాగమని మోకు కదిలించినాడు. లాగలా. మళ్ళీ కదిలించినాడు. పొగ ఆరిపోయింది, ఈగలు ముసురుకున్నాయి. పైనుంచి నాగడు తాపీగా అడిగినాడంట, "బావా, తీర్పు మార్చుకుంటావా?"

మార్చుకుంటా అంటే ఏం పోయె, పైకొచ్చినాక చూసుకోవచ్చు అనిపించిందంట ఈదన్నకు, మనిషే కదా. చివరికి ఏమన్నాడంటే, "తీర్పు చెప్పింది పెంటలో పెద్దమనిషిరా. ఇక్కడ వేలాడేది నీ అక్క మొగుడు. వాడితో నీకేం తగాదా, చెప్పు."

తర్వాత మోకు కదిలింది. నాగడు తిడతానే లాగినాడంట, బారకొక తిట్టు. పైకొచ్చేసరికి ఈదన్న మొహం గుమ్మడికాయంత ఉబ్బింది. అది చూసి వాడికి నవ్వాగలా. అక్క నిన్ను గుర్తుపట్టదు బావా అంటా కూచోబెట్టి ముళ్ళన్నీ పీకినాడు. తన వాటా తేనె ముత్తమ్మ గుడిసెకు మోసింది కూడా వాడే, దారంతా వేళ్ళు నాక్కుంటా. ఆ నాకింది లెక్కలోకి రాదులే.

అదమ్మా పెద్దరికమంటే. మన ఊరి పెద్దలకూ అట్టాంటి చరియొకటి చూపించి, మీ తీర్పు పడినోడు మోకు పట్టుకుంటాడు, దిగండయ్యా అంటే ఎట్టుంటుందా అని ఎన్నోసార్లు అనుకున్నా. ఏముందీ, సగం మందికి ఆ పొద్దే జ్వరమొస్తది.