మూడు దినాల ఆరాం

1957. తాండూరు కుస్తీ తాలీంలో ఉస్తాద్ గోదా మట్టి తడుపుతున్నాడు. వికారాబాద్ కుస్తీలో ఓడివచ్చిన శిష్యుడు గడప దగ్గరే ఆగిపోయాడు.

"లోపలికి రా బేటా. ఒక్కసారి ఓడితే ఇజ్జత్ పోదు."

"గెలిచిన అజమత్ గూడ నీ దగ్గర నేర్చినోడే గద ఉస్తాద్? పోటీకి ముందు మూడు దినాలు ఆరాం, పాలు, బాదాం. నువ్వు అందరికీ గదే చెప్తవంట."

"నీకు కొవ్వెక్కువుండె. కరగాలె."

"ముందురోజు గూడనా? బషీరాబాద్ దాక ఉరికించినవ్. ఐదువందల బైఠక్‌లు తీయించినవ్. పాలు బంద్ జేసి జొన్న గటక పోసినవ్. కుస్తీల నా కాళ్లే కూలినయ్."

"గెలిచినోనికి హైదరాబాద్‌ల కొలువన్నరు."

"అయితే?"

"గెలిచి పోయినోడు ఒక్కడు తిరిగి రాలే. నా తర్వాత గీ తాలీం నీ చేతుల పెడదామనుకున్న."

"ఒక్కమాట నన్నడిగితే అయిపోతుండె. కొలువిచ్చినా పోను, ఉస్తాద్ దగ్గర్నే ఉంట అని అమ్మకు చెప్పే బండెక్కిన."

"మరి ఉండు బేటా."

"ఎట్లుంట? రేపు నువ్వు ఉరుకు అంటే, గది నా మంచికేనా అని సోంచాయించాలె గద."