బాలనర్సయ్య నవ్విన సీరియల్

"గొప్పలు చెప్పుడు నాకు చేతకాదు దుర్గయ్యా. ఉన్నది ఉన్నట్టు చెప్తే జనాలే గొప్పలంటరు. దానికి నేనేం చెయ్యాలె?"

ముంబై కామాటిపుర పదమూడో గల్లీ మూలమీద, దుర్గయ్య చాయ్ బండి ముందరి కర్రబల్ల మీద కూర్చుంటూనే బాలనర్సయ్య మొదలుపెట్టాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన ఒక కాలేజీలో గంట కొట్టే సిపాయి. భుజం మీద ఎప్పుడూ ఒక తువాలు. నోరు ఇక్కడే ఉన్నా చూపు మాత్రం ఎదురుగా తనుండే అద్దెగదుల చాల్ మూడో అంతస్తు గ్యాలరీ మీద ఉంది.

"పైకేం చూస్తున్నవ్ కాకా?" అన్నాడు శ్రీనివాస్. పాలమూరు నుంచి వచ్చి సెంట్రింగ్ పని చేసుకునేవాడు. ఇవాళ కూలీలు నిలబడే నాకా మీద పని దొరకలేదు, అందుకని పొద్దున్నుంచీ బల్ల మీదే ఉన్నాడు.

"మా ప్రతీక్ష రిజల్టు ఐదింటికి. కాలేజీల ప్రొఫెసర్ నౌకరీ కావాల్నంటే రాసే పరీక్ష లేదా, అది. మూడోపారి రాసింది. ఈపారి గూడ కాకుంటే సదువు బంద్ జేసి మాల్‌ల బట్టలు మడతవెట్టే పనికి పోత అన్నది. నువ్వు పక్కనుంటే నాకు బుగులైతున్నది నాయినా, కిందికి పో అని ఎల్లగొట్టింది. ఫోన్ గూడ ఆమె దగ్గర్నే. సరే బిడ్డా, పాసైతే కంచం మీద గరిటెతోని మూడు కొట్టు, లేకుంటే ఒక్కటే కొట్టి ఊకో, గల్లీకి తెల్వకున్న నాకు తెలుస్తది అని చెప్పిన. సరే, అదట్లుండనియ్యి. 'ఖడూ-డస్టర్' చూస్తున్నరా లేదా మీరు?"

చూడనివాళ్లెవరు? రెండు నెలల కింద మొదలైన మరాఠీ సీరియల్ అది, ఖడూ అంటే సుద్దముక్క. కాలేజీ ప్రొఫెసర్ల నవ్వులు, ఏడుపులు. సాయంత్రం ఎనిమిదైతే గల్లీలో ఏ ఒంటిగది ఖోలీ తలుపు ముందు నిలబడ్డా అదే పాట వినిపిస్తుంది.

"చూస్తున్నం అన్నా, మంచిగనే ఉన్నది," అన్నాడు దుర్గయ్య.

"మంచిగెట్లైంది? ఎవనివల్ల మంచిగైంది? అది అడుగు."

"ఎవనివల్ల?"

"నా నోటితోని నేను చెప్పుకోవద్దు. ఒక కటింగ్ ఇయ్యి, చెప్త."

దుర్గయ్య సగం గ్లాసు చాయ్ చేతిలో పెట్టాడు.

"మొదటిరోజు చూసిన. క్లాసు ఐపోయింది, గంట కొట్టిండ్రు. ఎన్ని కొట్టిండ్రు? మూడు! అరే బాబా, క్లాసు ఐపోతే ఒకటి, నాష్టాకు రెండు, ఇంటికి పోవాల్నంటే మూడు కొట్టి ఆ మీద గణగణగణ. మా కాలేజీల ఇరవై రెండేండ్ల సంది నేను కొడుతున్న లెక్క ఇది. వీళ్లేమో మూడు కొట్టి మళ్ల స్టాఫ్ రూంల కూసోని చాయ్ తాగుతున్నరు! నాకు ఊకోబుద్ధి కాలే. టీవీ కంపెనీకి ఒక కార్డు ముక్క రాసిన. వారం తిరిగేవరకు చూస్తే ఒకటే గంట. బరాబర్ ఒకటి. అంతే, నేను చేసింది గంతే. చిన్న పని."

"గంతేనా?" శ్రీనివాస్ మొహం వాడిపోయింది.

"గంతే అయితే చెప్పుడెందుకు? ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? తెల్లకారు వచ్చి చాల్ ముందర ఆగింది. డైరెక్టరు దిగిండు. మూడు అంతస్తులు ఎక్కి, చెప్పులు బయట ఇడిసి, సాహెబ్, గంట సప్పుడే ఇంత పట్టుకున్నవ్, ఇగ మా కథ గూడ నువ్వే చూసుకో అన్నడు. ఒక డబ్బా తీసి మా టీవీ మీద పెట్టిండు. పప్పు డబ్బా అంతుంటది. నేను నవ్వితే అది నవ్వును పట్టుకుంటది. నేను నవ్వినకాడ కథ ముందటికి పోతది, నవ్వనికాడ అక్కడ్నే ఆగుతది. మహారాష్ట్ర మొత్తంల అసొంటి డబ్బా ఒక్కటే."

"దానికి కరెంటెట్ల కాకా?"

"కరెంటెందుకురా? నవ్వు మీదనే నడుస్తది. ఇను. ఒకరోజు నాకు పడిశం పట్టింది. పాఠం చెప్పుకుంట తనే నిద్రపోయే హిస్టరీ ప్రొఫెసర్ లేడా, ఆయన అట్ల తెర మీదికి వచ్చిండో లేదో నాకు తుమ్మొచ్చింది. డబ్బా దాన్ని కోపమనుకున్నది. తెల్లారే ఆయనను కొల్హాపూర్‌కు బదిలీ చేసిండ్రు! ఆ యాక్టర్ పెండ్లాం చంకల పిల్లనేసుకోని మా గ్యాలరీల నిలబడ్డది. అన్నా, ఒక్కపారి నవ్వు, మా ఇంట్ల పొయ్యి ఎలుగుతది అన్నది. నాకు జాలైంది. నవ్విన. రెండ్రోజులకు తిరిగొచ్చిండు. ఒట్టిగ రాలే, వైస్ ప్రిన్సిపాల్ అయి వచ్చిండు."

"తిరిగొచ్చింది మాత్రం నిజమే," అన్నాడు దుర్గయ్య, సగం నమ్మి.

"నీ తువాల కొస ఏంది కాకా, గిట్ల చీకిపోయింది?" శ్రీనివాస్ ఆ కొసను వేళ్లతో పట్టుకుని చూశాడు.

"ఎలుకలు. చాల్ల ఎలుకలకేం తక్కువ? నడుమల అడ్డం రాకు. యాడున్న? ఆ, నవ్వు. ఇంతదాక నవ్వింది నవ్వే కాదు. ప్రిన్సిపాల్ బాత్‌రూంల ఇరుక్కున్న రోజు యాదికున్నదా? బయట మినిస్టర్ సత్కారానికి వచ్చి కూసున్నడు, ఈయన లోపల్నుంచే ఉపన్యాసం ఇచ్చిండు. అప్పుడు నవ్విన. కడుపారా నవ్విన. ఒకటో గల్లీ నుంచి పద్నాలుగో గల్లీ దాక ఒక్క పావురం కిందికి దిగలే, మూడ్రోజులు గాలిల్నే ఉన్నయ్. గ్రాంట్ రోడ్ స్టేషన్‌ల గడియారం ఆగింది. మోటర్‌మన్ నా నవ్వును హారన్ అనుకోని బండి నిలవెట్టిండు. మా డబ్బా పొగలు కక్కి మాడిపోయింది. కంపెనీవాళ్లు బీరువా అంత ఇంకో డబ్బా తెచ్చిండ్రు, లారీల."

"మీ చాల్ మెట్ల మీద సిలిండరే తిరగదు కదా కాకా, బీరువా ఎట్లెక్కింది?"

"మెట్లెవడు ఎక్కిచ్చిండు? క్రేన్ తెచ్చి పైకప్పు లేపిండ్రు, డబ్బా దింపిండ్రు, మళ్ల కప్పు మూసిండ్రు."

"నాకు కనవడలే!" అన్నాడు దుర్గయ్య.

"మధ్యాహ్నం నువ్వు బండి కింద పండుకుంటవ్, నీకేం కనవడ్తది?"

అప్పుడే స్టీలు క్యాను పట్టుకుని రత్నాబాయి వచ్చింది. బాలనర్సయ్యది, ఆమెది పక్కపక్క ఖోలీలు. నాలుగు చాయ్‌లు పోయమని క్యాను దుర్గయ్యకిచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఆమెను చూడగానే బాలనర్సయ్య కొంచెం జరిగి కూర్చున్నాడు గానీ నోరు ఆపలేదు.

"నవ్వు సంగతి ఇడిసిపెట్టు, ఏడుపు ఇను. పోయిన నెల లెక్కల మేడం రిటైరైంది. ఆఖరి క్లాసు చెప్పి బోర్డు తుడిసి, ఆ డస్టర్ సంచిల ఏసుకోని పోయింది. నేను ఆగలేకపోయిన. కండ్లనీళ్లు గడప దాటినయ్, గ్యాలరీ దాటినయ్, మెట్లమీదికెళ్లి దుంకినయ్. గల్లీల మోకాలిమంటి నీళ్లు. టాక్సీలు తేలినయ్. దాదర్ నుంచి పడవలొచ్చినయ్. గ్రాంట్ రోడ్ల పట్టాలు మునిగి లోకల్ బండ్లు బంద్. లక్ష్మవ్వ ముసలామె ఆ నీళ్లతోని పప్పు వండితే ఉప్పు ఎయ్యాల్సిన పనే వడలే!"

"పోయిన నెలనా? ఫిబ్రవరిల వరద?" అన్నాడు శ్రీనివాస్.

"అందుకే పేపరోళ్లు రాయలే. రాస్తే ఎవడు నమ్ముతడు? ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? అసలు ప్రొఫెసర్లు లైను గట్టిండ్రు. పుణె నుంచి, నాగ్‌పూర్ నుంచి, సూటుబూట్లతోని. సాహెబ్, పిల్లలు మమ్ములను సీరియలోళ్లతోని పోలుస్తున్నరు, వాళ్లంత మంచిగ సదువు చెప్తలేరంటున్నరు, మాకు జెర నేర్పు అని. సరే, మైదానంల కూసోపెట్టి ఒక గంట సేపు పాఠం చెప్పిన. ఏం పాఠం? గంట పాఠం. పోరగాండ్ల మొహం చూసి కొట్టాలె, గడియారం చూసి కాదు అన్న. అందరు రాసుకున్నరు. యూనివర్సిటీ పెద్దసాహెబ్ లేసి నా చెయ్యి పట్టుకోని, నర్సయ్యా, ఇగ మీద ఈ రాష్ట్రంల ఎవడు ప్రొఫెసర్ కావాలె, ఎవడు కావద్దు, నువ్వే చెప్పాలె, నీ మాట దాటితే ఒట్టు అన్నడు!"

దుర్గయ్య చాయ్ వడకట్టడం ఆపాడు. "మరి గట్లైతే ప్రతీక్ష మూడుపార్లు రాసుడెందుకన్నా? ఒక్క మాట చెప్పకపోయినవా?"

బాలనర్సయ్య గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయాడు. చాయ్ ఎప్పుడో అయిపోయింది. ఆ సంగతి అప్పుడే చూసుకున్నట్టు గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"చెప్త గని... చెప్పలే. నా బిడ్డ తనంతట తను రాసి పాస్ కావాలె." ఆ ఒక్కమాట మాత్రం మెల్లగా అన్నాడు. మళ్లీ గ్యాలరీ వైపు చూశాడు. ఐదు దాటి పది నిమిషాలైంది.

"చెప్పేటోనికి ఇనేటోడు లోకువ," అంది రత్నాబాయి. "నర్సన్నా, మీ టీవీ మీద డబ్బా ఉన్నదా?"

"ఉన్నది. బీరువా అంత."

"దుప్పటి ఉన్నది. గణపతి పండుగ నాటి సంది దుప్పటే ఉన్నది." ఆమె శ్రీనివాస్ వైపు తిరిగింది. "ఒక్కటే ఖోలీ కదా బిడ్డా. అండ్లనే పొయ్యి, అండ్లనే పక్క, అండ్లనే ఆ పిల్ల సదువు. పరీక్షయ్యేదాక, రిజల్టొచ్చేదాక టీవీ పెట్టేది లేదని ఈయననే కప్పిండు. ఈ సీరియల్ ఒక్కరోజన్న ఇంట్ల చూడలే. ఎనిమిదైతే మా వాకిట్ల నిలబడి చూస్తడు. లోపలికొచ్చి కూసో అన్నా అంటే రాడు. మూడు అడుగుల అవతల ప్రతీక్ష సదువుకుంటుంటది, కూసుంటే నవ్వు గట్టిగొస్తది చెల్లే అంటడు. నవ్వొచ్చినప్పుడల్లా తువాల నోట్ల కుక్కుకుంటడు. ప్రిన్సిపాల్ ఇరుక్కున్న రోజు ఊపిరాడక కండ్లు తేలేసిండు, నేను ఈపు మీద గుద్దిన. పావురాలు లేసినయంట! దోమ గూడ లేవలే. ఇగ ఆ తువాల కొరికిన ఎలుక ఏదో నువ్వే చూసుకో."

శ్రీనివాస్ తువాలు కొస వదిలేశాడు. దుర్గయ్య నవ్వబోయి, ఎందుకో నవ్వలేదు. బాలనర్సయ్య దొరికిపోయినవాడిలా తువాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కార్డు ముక్క మాత్రం నిజంగ రాసిన," అన్నాడు.

"రాసినవ్. పోస్టుల ఎయ్యమని నాకిచ్చినవ్. ఇంకా మా పోపుల డబ్బా కిందనే ఉన్నది," అంది రత్నాబాయి.

సరిగ్గా అప్పుడు పైనుంచి కంచం మోగింది.

గల్లీలో తోపుడుబండి పోతోంది, వెనక టాక్సీ హారన్ కొడుతోంది. బాలనర్సయ్య ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎన్ని? ఎన్ని కొట్టింది?"

"నువ్వే చెప్పాలె అన్నా, గంటలు కొట్టేటోడివి," అన్నాడు దుర్గయ్య.

"నేను లెక్కవెట్టలే! నాకు ఒకటే ఇనవడ్డది. శ్రీనూ, నీకెన్ని ఇనవడ్డయ్? రత్నమ్మా, ఒకటేనా?"

"మూడు," అంది రత్నాబాయి.

"శప్పత్? ఒట్టేనా?"

"శప్పత్."

"హారన్ గూడ కలిపి లెక్కవెట్టినవేమో..."

ఆ మాట పూర్తికాకముందే కంచం మళ్లీ అందుకుంది. ఈసారి ఒకటీ కాదు మూడూ కాదు, గణగణగణ ఆగకుండా. ఇంటికి పోయే గంట. గ్యాలరీ అంచున ప్రతీక్ష ఒక చేత్తో కంచం, ఒక చేత్తో గరిటె పట్టుకుని, "నాయినా! దుప్పటి తీసేసిన! పైకి రా!" అని గల్లీ మొత్తానికి వినపడేట్టు అరుస్తోంది.

బాలనర్సయ్య నవ్వడానికి నోరు తెరిచాడు. రెండు నెలల నుంచి ఆపుకున్న నవ్వు కదా, వస్తే ఎలా ఉంటుందోనని ముగ్గురూ చూశారు. నవ్వు రాలేదు. బల్ల మీద కూలబడి, తువాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరెగిరిపడేట్టు ఏడ్చాడు. రత్నాబాయి వీపు మీద చెయ్యి వేసింది, ఈసారి గుద్దలేదు.

దుర్గయ్య వంగి, బండి కింద ఉన్న చక్కెర సంచిని రెండు చేతులా పైకి లేపాడు.

"శ్రీనూ, జెర ఒక చెయ్యి వెయ్యి, పైన వెడదాం. గల్లీల నీళ్లొస్తయ్."