మేస్త్రీ గారి వంకర కేకు

వంటింటి బల్ల మీద మూడు అంతస్తుల కేకు. బల్లకి ఇటు పాతికేళ్ళుగా గోడలకి నునుపు తేలుస్తున్న తాపీమేస్త్రీ, అటు ఆయన భార్య. పుట్టినరోజు పిల్ల బడి నుంచి నాలుగింటికి వస్తుంది. మూడు ఎప్పుడో దాటింది.

"...కాదు, నాకు తెలీక అడుగుతాను, కేకు వంకరగా ఉండటమేమిటే? నా జన్మలో ఒక్క గోడ వంకరగా కట్టానా నేను?"

"గోడ కాదయ్యా బాబూ, కేకు. జోకరు టోపీలా ఒరిగి ఉండాలట. నీ కూతురు పట్టుబట్టి అడిగింది, నేనేం చెయ్యను?"

"అడిగింది సరే. కింది అంతస్తు ఇటు, మధ్యది అటు, పైది మళ్ళీ ఇటు... మా కంట్రాక్టరు చూశాడంటే గుండాగి చస్తాడు."

"కేకు చూడ్డానికి ఆయన్నెవరు పిలిచారు? ముందు ఆ రసమట్టం తీసి అవతల పెట్టు, క్రీము అంటుకుంటుంది."

"వంకరకైనా ఒక పద్ధతుండాలిగా."

"ఆ బుడగ నడిమికి వచ్చేదాకా నీకు ముద్ద దిగదు. తియ్యవయ్యా!"

"తీశాను, తీశాను. ఇదిగో, తాపీతో క్రీము రాస్తుంటే చూడు. సిమెంటుకన్నా ఇదే నయం, చెప్పిన మాట వింటోంది."

"ఆ తాపీ సిమెంటులో ముంచింది కాదు కదా?"

"కొత్తదే. పోయిన వారం కొన్నాను."

"పాతదేమైంది?"

"పాతబడింది."

"పనిలో మూడో అంతస్తు నుంచి కింద పడిందట కదా?"

"నీ తమ్ముడు చెప్పాడా? వాడి నోట్లో నువ్వుగింజ నానదు!"

"జానెడు ఇటు పడితే వాడి నెత్తిమీదే పడేదట."

"పడలేదుగా! చెమటకి జారింది. ఎండ అలా ఉంది మరి... ఆ పసుపు క్రీము కోను ఇలా ఇవ్వు."

"మధ్య అంతస్తు చుట్టూ చారలు గియ్యి. పైనుంచి కిందికి... రెండు చేతులా పట్టుకున్నావేం?"

"కొత్త పనిముట్టు. మొదట్లో ఏదైనా అలాగే పట్టుకోవాలి."

"ఊఁ. మెల్లగా."

"ఛ! వంకరపోయింది."

"పోనీ. వంకరే కావాలి."

"ఇదింకా... ఛీ ఛీ, పాము పాకినట్టుందే!"

"బావుంది. గియ్యి."

"గది వేడికి క్రీము కరిగిపోతోంది, నిలబడట్లేదు. అదీ సంగతి."

"ఫ్యాను వెయ్యనా?"

"వద్దులే."

"టీ తాగు. చల్లారిపోతోంది."

"సగమే పోశావేం?"

"పాలు చాలలేదు."

"ఈమధ్య రోజూ చాలట్లేదేం?"

"చాలట్లేదు, అంతే. ఇదిగో, ఆ గడ్డానికి క్రీము అంటింది. తీసెయ్యరాదూ?"

"క్రీమునా, గడ్డాన్నా?"

"గడ్డాన్నే. బూజు వేలాడుతున్నట్టుంది."

"ఫ్యాషనే! అందరూ పెంచుతున్నారు."

"పోనీ, నేను గియ్యనా?"

"నాకు చేతులు లేవా? చారలు చూడు ముందు. ఎన్నయ్యాయి?"

"ఆరయ్యాయి. రేపు పొద్దున నాకు తోడు రావాలి నువ్వు. డాక్టరు దగ్గరికి."

"డాక్టరా? ఎవరికి?"

"నాకే. పన్ను సలుపుతోంది."

"రేపెలా కుదురుతుందే? రేపు నాలుగో అంతస్తు బయటిగోడ."

"పరంజా ఎక్కేది నువ్వేనా?"

"నేను కాకపోతే నీ తమ్ముడా? వాడికింకా చెయ్యి తిరగలేదు."

"నువ్వు కింద నిలబడి చెబుతుంటే వాడు పైన చెయ్యలేడా?"

"కింద నిలబడితే నన్ను మేస్త్రీ అనరే. ఇటుకలందించేవాడంటారు."

"అంటే అన్నారు."

"నీకేం, తేలిగ్గా అనేస్తావు! ఆ పలక మీద నిలబడితేనే నేను మనిషిని. దిగితే ఎవణ్ణి? ఇంట్లో కూర్చుని కేకులకి రంగులు పూసుకునేవాణ్ణి!"

"కేకులకి రంగులు పూసేదాన్ని నేనూ మనిషినే."

"అబ్బ, నిన్నన్నానా?"

"లేదులే. అరవకు. ఇంక పైన కప్ప. చక్కెరతో చేశాను, జాగ్రత్తగా పట్టుకో. అంచు నుంచి జారిపోతూ వేలాడుతున్నట్టు పెట్టాలి."

"నువ్వే పెట్టు."

"నా చేతులనిండా ఎర్ర రంగు. పెట్టవయ్యా."

"సరే, ఇలా తే... ఇదిగో... అరె! అరెరె!"

"పడిందా?"

"కాలు విరిగింది దీనికి. వేలికి జిగురంటుకుని... అయ్యో. పిల్లకి ఏం చెబుతాం ఇప్పుడు?"

"ఏం చెప్పక్కర్లేదు. ఆ పళ్ళెంలో ఇంకో కప్ప ఉంది."

"ముందే రెండోది చేశావా?"

"నాలుగు చేశాను."

"నాలుగా! ఎందుకే?"

"పడితే ఇంకోటి ఉండాలని. కప్పల్నంటే ఎన్నైనా చేస్తాను. నిన్ను చెయ్యలేను."

"శుభమా అని పిల్ల పుట్టినరోజున అవేం మాటలు!"

"నాకేమైనా చెప్పాలా నువ్వు?"

"ఏముంది చెప్పడానికి?"

"ఏమీ లేదా?"

"లేదంటే వినవే! నాలుగింటికి నీ తమ్ముడు ఫోన్ చేస్తాడు, రేపు ఎక్కేదెవరో కంట్రాక్టరుకి చెప్పాలట. నేనే ఎక్కుతానంటాను. అయిపోయింది."

"సరే. కప్పని పెట్టు."

"పెట్టాను. చూడు, నిలబడింది."

"అమ్మా! నాన్నా! అయిపోయిందా? చూపించండి, చూపించండి!"

"వచ్చేసిందమ్మా బుడంకాయ! బూట్లు విప్పి, చేతులు కడుక్కుని రా ముందు."

"అబ్బో, ఎంత వంకరో! కప్ప పడిపోతోంది! నాన్నా, చారలు నువ్వే గీశావా?"

"నేనే తల్లీ. నచ్చిందా? నువ్వడిగినట్టే వంకరగా చేశాను."

"నేనెక్కడ అడిగాను నాన్నా? నేను కోట అడిగాను."

"కోటా?"

"నిన్ను చేతులు కడుక్కోమన్నానా లేదా?"

"ఉండమ్మా! కోటే నాన్నా. తిన్నగా నాలుగు గోడలు, నాలుగు బురుజులు. అమ్మ వద్దంది. నాన్న చెయ్యి బాలేదు, కోటైతే గోడ కొంచెం వంగినా తెలిసిపోతుంది, నాన్న బాధపడతాడు, అందుకని నేనే వంకర కేకు అడిగానని తను చెబుతానంది, ఎవరికీ చెప్పొద్దంది. నేను సరేనన్నాను. ఎవ్వరికీ చెప్పలేదు, మా టీచరుక్కూడా! ...అమ్మా? నాన్నకి కూడా చెప్పకూడదా?"

"నువ్వేం తప్పు చెప్పలేదు తల్లీ. ఏమే, ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"నువ్వు గడ్డం గీసుకోవడం మానేసినప్పట్నుంచి."

"మూణ్ణెల్లు! మూణ్ణెల్లు నోరు మెదపకుండా ఎలా ఉన్నావే?"

"నువ్వు మెదిపావా? రోజూ పొద్దున నువ్వు గుమ్మం దాటితే, సాయంత్రం మళ్ళీ నీ చెప్పుల చప్పుడు వినేదాకా నా ప్రాణం నాలో ఉండదు."

"మరి ఆ డాక్టరు... నీ పన్ను..."

"నా ముప్ఫైరెండు పళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి."

"నాన్నా, ఫోన్ మోగుతోంది! మామయ్యే!"

"నువ్వే ఎత్తి నా చెవి దగ్గర పట్టుకో."

"చేతులకి క్రీముందా నాన్నా?"

"లేదమ్మా... ఆఁ, బామ్మర్దీ. రేపు నువ్వెక్కు. ఎల్లుండి నుంచి నేను కింద నిలబడి చెబుతాను, రేపు మీ అక్కతో డాక్టరు దగ్గరికెళ్ళాలి... అక్కకేం కాలేదురా. నాకే. నా చెయ్యి వణుకుతోంది."