కారం లేనిది ఒక్కటీ లేదు

గుమ్మం దగ్గర పెట్టె సర్ది పెట్టేసి, భార్య గోధుమ రొట్టెల్లో ముడిబియ్యం అన్నం, రాజ్మా పెట్టి బురిటోలు చుడుతోంది. భర్త తలుపుకు చేరగిలబడ్డాడు.

"అన్నేమిటే! పెళ్ళి భోజనాలా?"

"పెళ్ళి అయిపోయిందిగా, ఇవి మిగిలిన భోజనాలు. ఫ్రిజ్‌లో పెట్టుకోండి."

"అన్నిట్లో మిరపకాయలేశావ్. మీ అక్క దగ్గర్నుంచి వచ్చాక తినడానికి, నీకు కారం లేనివేవీ?"

"నాకక్కర్లేదు."

అతను తలుపు వదిలి ముందుకొచ్చాడు. "అంటే, ఇక రావా?"

"కారం తగ్గిందని చుట్టాల ముందు కంచం విసిరారుగా. అదే ఆఖరి వడ్డన."

అతను బురిటోల వంక చూశాడు.

"మరి ఇవి అయిపోతే?"

"అదే అడుగుతారనుకున్నా. రాజ్మా ముందురోజే నానబెట్టుకోండి. ఎంత నానినా ఉడకని గింజలు కొన్నుంటాయి, ఏరి పారెయ్యండి."

"ఉడకనిదేదో ఎలా తెలుస్తుందే?"

"నాకే ఇన్నేళ్ళు పట్టిందండీ."