బల్ల కింద చోటు

పళ్ళెందుకురా? ఎవరికి ఒంట్లో బాగోలేదు? తెచ్చినవాడివి ఆ బల్ల మీద పెట్టి సరిగ్గా కూర్చోక, కుర్చీ అంచున, ఆముదం తాగినట్టు ఆ మొహం ఏంటి? పరామర్శకొచ్చావా? ఇక్కడెవరూ పోలేదు. మీ అక్కకి, అదే నాకు, ఆటిజం అని డాక్టరమ్మ చెప్పింది, అంతే. నలభై ఆరేళ్ళుగా ఉన్నదాన్నే చెప్పింది. కొత్తగా తెచ్చి అంటించలేదు.

ఆ, తెలుసులే. నీ బాధ అది కాదు. పోయిన ఆదివారం మీ ఇంట్లో భోజనాల దగ్గర, మీ ఆఫీసరు దంపతుల ముందు, ఆ ముక్క పైకి అనేశాను. అదీ నీ బాధ. ఆవిడేగా "ఈమధ్య మీరు చాలా హుషారుగా కనిపిస్తున్నారే" అంది. ఎందుకో చెప్పాను. అడిగినదానికి జవాబు చెప్పడం కూడా తప్పేనా? నువ్వేమో ఇల్లెగిరిపోయేలా నవ్వి, "మా అక్క ఇలాగే జోకులేస్తుందండీ" అన్నావు. నా జన్మలో నేను జోకేయడం ఎప్పుడు చూశావురా?

హుషారుగానే ఉన్నాను మరి. మొండిది, తిక్కది, పొగరుబోతు, మనుషుల్లో కలవదు... అమ్మతో సహా ఎన్ని పేర్లు పెట్టారు నాకు. అన్నీ మోశాను. ఇన్నాళ్ళకి సరైన పేరొకటి దొరికితే నెత్తిన గుడ్డేసుకుని మూల కూర్చోవాలా?

నేను పనిచేసే లాండ్రీలో ఇన్నేళ్ళూ ఆవిరి ఇస్త్రీ మిషన్ పక్కనే నిలబడి మరకలు తీశాను. అది బుస్సుమన్నప్పుడల్లా నా పళ్ళు జివ్వుమనేవి. అందరికీ ఇలాగే ఉంటుంది కాబోలు, వాళ్ళు ఓర్చుకుంటున్నారు, నాకే ఓర్పు లేదు అనుకున్నా. ఇప్పుడు మా ఓనరుకి చెప్పాను. మర్నాడే నా బల్ల వెనక గదిలోకి జరిపించాడు. ఆయన నీలా పళ్ళేం తేలేదు.

ఆ గదిలో ఒక్కదాన్నే ఉంటే నా సుఖం నీకేం తెలుస్తుంది? మరక చేతికి దొరికితే నాకు లోకం గుర్తుండదు. మీరంతా పార్టీలకెళ్ళి వెతుక్కునేదేదో నాకు ఒక చొక్కా కాలరు మీద దొరుకుతుంది. జాలిపడాల్సింది ఎవరి మీద?

ఏంటీ? నసగకుండా చెప్పు. నా చిట్టెలుక, అదే నీ కూతురి పుట్టినరోజుకి రావాలి, కానీ ఆ మాట ఎత్తకూడదు. ఎత్తేట్టయితే అసలు రాకూడదు. అంతేగా? ఇది గుమ్మంలోనే అనేసి పోవాల్సింది.

పిల్ల చెవిన పడకూడదా? ఎందుకో నేను చెప్పనా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడట ఒకడు. నీ కూతురి గురించి నేనొక్క మాటన్నానా? నువ్వే తడుముకుంటున్నావు. పోయిన పుట్టినరోజున బెలూన్ పగిలితే అది చెవులు మూసుకుని బల్ల కింద దూరింది. నువ్వేం చేశావు? భయం పోవాలని రెక్క పట్టుకుని బయటికి లాగి, దాని మొహం ముందే ఇంకోటి పగలగొట్టావు. అబ్బో, ఏం ఘనకార్యం. చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. దానికి నిన్ను నేనింకా క్షమించలేదు.

పైగా నీ చొక్కాలన్నీ మా లాండ్రీకే వస్తాయి. ఒక్కదానికన్నా మెడ వెనక కంపెనీ పట్టీ ఉందా? గుచ్చుకుంటుందని అన్నీ కత్తిరించేస్తావు. ఎవరితోనైనా అన్నానా నేను? ఎక్కడికి లేస్తున్నావు, కూర్చో. నీ చెవులు ఎర్రబడటం చిన్నప్పట్నుంచీ నాకు కొత్తేం కాదు.

సరే, ఎలాగూ వచ్చావు కాబట్టి విను. ఆ ఆదివారం మీ ఆఫీసరుని సాగనంపడానికి నువ్వు బయటికెళ్ళావా, నేను బల్ల కింద దూరాను. అవును, ఈ వయసులో, ఈ మోకాళ్ళతోనే. చిట్టెలుక అక్కడే ఉంది. మన మాటలన్నీ వింది. మేం ఎప్పుడూ వీపుకి వీపు ఆనించుకుని ఊరికే కూర్చుంటాం, మాటలుండవు. ఆ రోజు మాత్రం అదే అడిగింది. "అత్తా, నీకున్నదే నాకూ ఉందా?" అని.

నాకు అబద్ధం చేతకాదని నీకు తెలుసు. "నేను డాక్టర్ని కాదమ్మా, కానీ నాకలాగే అనిపిస్తోంది" అన్నాను.

ఏడ్చిందా అంటావేంట్రా? "అమ్మయ్య" అంది. ఇంత ఊపిరి వదిలి, "అమ్మయ్య, నేనే చెడ్డపిల్లననుకున్నా" అంది. ఏడేళ్ళ పిల్ల.

ఇంకో మాట కూడా అంది. "నాన్నకి చెప్పకత్తా. పాపం, నాన్నకి భయం" అని. చెప్పనని దాని చేతిలో చెయ్యేశాను. ఇవాళ ఆ మాట కూడా తప్పాను, నీ ధర్మమా అని.

పళ్ళు పట్టుకుపో. పుట్టినరోజుకి వస్తాను, నువ్వు పిలిచినా పిలవకపోయినా. బెలూన్లు కట్టావంటే మేమిద్దరం బల్ల కిందే ఉంటాం. నీకూ చోటుంది. కాస్త తల వంచుకుని రావాలి, అంతే.