దయ్యం చెప్పని పేరు

ఢిల్లీ మునిర్కాలో ఆ మధ్యాహ్నం ఇద్దరు నర్సులు తలుపు గడియపెట్టుకుని కూర్చున్నారు. కింది గదిలో ఉండే షారన్‌ని ఎవరో చంపి వారమైంది.

“ఇంత భయంలో దయ్యాల నవల ఎలా చదువుతున్నావక్కా?” అంది ఫేబీ.

“ఇందులో దయ్యం మంచిదే. ఓ టీకొట్టావిడ పక్కన కూర్చుని, తననెవరు చంపారో చెప్తది. చివరికి వాడు దొరికిపోతాడు. అది చదివితేనే నాకు కాస్త నిద్ర పడతంది,” అంది ప్రేమకుమారి.

“మన షారన్ వచ్చి చెప్పదు కదా.”

“చెప్పదు.”

“నేను చూశానక్కా. ఆ రోజు దాని గదిలోంచి ఇంటి ఓనరు కొడుకు బయటికొచ్చాడు.”

ప్రేమకుమారి పుస్తకం మూసేసింది. పైన ఓనరు వాళ్లింట్లో చెప్పుల చప్పుడైంది.

“మెల్లగా మాట్లాడు. చున్నీ వేసుకో, పోలీస్ స్టేషన్‌కి పోదాం.”

“మెట్ల మీద వాడెదురైతే?”

“నా చెయ్యి వదలకు.”

వీధిలోకి వచ్చేదాకా ఫేబీ వదల్లేదు.